వంటగది కొలత మోచేతి దగ్గర మొదలవుతుంది

(ఇల్లు కట్టుకునేవారి కోసం, పాత ఇల్లు బాగు చేయించుకునేవారి కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వంటగది మార్పించుకోవాలనే ఆలోచనలో ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. ఇప్పుడు ఏ రంగు నడుస్తోంది, ఏ పలక బాగుంటుంది అనే దగ్గర మొదలుపెడతానని మీరు అనుకుని ఉంటారు. అక్కడికీ వస్తాను. ముందు మీ అందరితో ఒక చిన్న పని చేయించాలి. దయచేసి లేచి నిలబడండి. భుజాలు వదులుగా ఉంచండి. మోచేతిని నడుము పక్కన మడిచి, ముంజేతిని నేలకు సమాంతరంగా పెట్టండి. మోచేయి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో పక్కవాళ్లను చూడమనండి. అందులోంచి 10 నుంచి 15 సెంటీమీటర్లు తీసేస్తే వచ్చేదే మీ వంటగట్టు ఉండాల్సిన ఎత్తు. ఇక కూర్చోండి.

ఫ్యాక్టరీలో తయారై వచ్చే అల్మరాలతో గట్టు ఎత్తు సాధారణంగా 36 అంగుళాలు వస్తుంది, అంటే దాదాపు 91 సెంటీమీటర్లు. 150 సెంటీమీటర్ల పొడవున్న మనిషికి మోచేయి 94, 95 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ మనిషికి కావలసిన గట్టు 80 నుంచి 85 మధ్య. 175 సెంటీమీటర్ల మనిషికి మోచేయి 110 దగ్గర ఉంటుంది కాబట్టి గట్టు 95 దాటాలి. అంటే ఆ 91 సెంటీమీటర్ల గట్టు ఈ ఇద్దరిలో ఎవరికీ సరిపోదు. పొట్టివాళ్లు భుజాలు పైకెత్తి తరగాలి, పొడుగువాళ్లు నడుం వంచి తరగాలి. రోజూ గంటో రెండు గంటలో ఇలా నిలబడితే వచ్చే మెడనొప్పికి, నడుంనొప్పికి వయసును కారణంగా చెప్పుకుంటాం. గట్టు మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

దీన్ని సరిచేయడం కష్టమైన పనేం కాదు. కింది అల్మరాలు నిలబడేది మర తిప్పి ఎత్తు మార్చుకునే కాళ్ల మీద. ముందు అడుగుభాగాన్ని కప్పే పట్టీ వెడల్పు తగ్గిస్తే గట్టు దిగుతుంది, పెంచితే లేస్తుంది. ఇంకాస్త శ్రద్ధ పెట్టేవాళ్లు ఒకే వంటగదిలో రెండు ఎత్తులు పెట్టిస్తారు. సింక్ అడుగు గట్టుకన్నా 20 సెంటీమీటర్లు కింద ఉంటుంది కాబట్టి సింక్ ఉన్న గట్టు కొంచెం ఎత్తుగా, స్టవ్ మీద గిన్నె ఎత్తు కలుస్తుంది కాబట్టి స్టవ్ ఉన్న గట్టు కొంచెం కిందికి. ఈ రెండు ఎత్తుల పద్ధతిని ఇప్పుడు చాలామంది డిజైనర్లు మళ్లీ పట్టించుకుంటున్నారు. ఈమధ్య వచ్చిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. దీన్ని ఫోటో తీస్తే ఏమీ కనబడదు, అందుకే పత్రికల్లో రాదు.

నేను ఈరోజు చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టే తిరుగుతుంది. వంటగదిలో కంటికి కనబడేవాటిని తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎత్తు, గాలి, వెలుతురు, వైరింగు, నీళ్ల పైపులు మాత్రం ఒకసారి కుదిరాక మళ్లీ కదపాలంటే గోడ పగలగొట్టాలి. అందుకని డబ్బయినా, ఆలోచనయినా ముందు వాటికే పోవాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఎర్న్‌స్ట్ మే నాయకత్వంలో కార్మికుల కోసం పెద్ద ఎత్తున ఇళ్లు కట్టారు. వాటికి వంటగది గీసింది మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్. రైళ్లలో భోజనాల బోగీకి ఉండే ఇరుకు వంటగదిని చూసి, వండేటప్పుడు ఎన్ని అడుగులు వేయాల్సి వస్తుందో లెక్క కట్టి, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న గదిలో అన్నీ అమర్చింది. కిటికీ కింద తరిగే బల్ల, కూర్చుని పని చేసుకోవడానికి తిరిగే స్టూలు, సరుకులకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, పైన అటూ ఇటూ జరుపుకునే దీపం. అలాంటివి దాదాపు 10,000 వంటగదులు కట్టారు. ఇప్పుడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలం అక్కడుంది. కూర్చుని పని చేయడానికి స్టూలు, చేతి మీద పడే దీపం వందేళ్ల కిందటే ఉన్నాయన్నది గమనించండి. మన ఇళ్లలో ఈనాటికీ చాలాచోట్ల ఆ రెండూ లేవు.

ఆ వంటగదికి ఒక పెద్ద లోటు ఉంది. అందులో ఒక్కరే పట్టేవారు. వండే మనిషి ఒంటరిగా లోపల, మిగతా ఇల్లంతా బయట. తర్వాతి కాలంలో గోడలు తీసేసి వంటగదిని హాల్లో కలిపేయడానికి ఆ ఒంటరితనం కూడా ఒక కారణం.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1940ల్లో 'పని త్రిభుజం' అనే సూత్రానికి ఒక రూపం ఇచ్చారు. సింక్, స్టవ్, ఫ్రిజ్ ఈ మూడింటి మధ్య ఒక్కో దూరం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగుల లోపు ఉండాలి అన్నది ఆ లెక్క. ఒక్కరు వండే చిన్న గదికి అది ఇప్పటికీ పనికొస్తుంది. కానీ ఇప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకేసారి వంటగదిలో ఉంటున్నారు. ఒకరు వండుతుంటే ఒకరు గిన్నెలు కడుగుతారు, మరొకరు వచ్చి ఫ్రిజ్ తీస్తారు. అందుకే త్రిభుజం బదులు పనుల వారీగా భాగాలు చేయడం ఎక్కువైంది. కడిగే చోటు, తరిగే చోటు, వండే చోటు, సరుకులు పెట్టే చోటు వేరువేరుగా. ఫ్రిజ్ తీయడానికి వచ్చినవాళ్లు స్టవ్ ముందు నుంచి వెళ్లాల్సిన అవసరం రాకూడదు. ప్లాన్ గీయించేటప్పుడు ఈ ఒక్క విషయం సరిచూసుకున్నా సగం గొడవ తగ్గుతుంది.

తరిగే చోటు గురించి ఒక మాట. సింక్ పక్కనే కనీసం 36 అంగుళాల వెడల్పున ఏ వస్తువూ లేని గట్టు ఉండాలి. గీసిన ప్లాన్లో అది ఉంటుంది. పని పూర్తయ్యాక అక్కడికి మిక్సీ, ఓవెన్, కెటిల్, నీళ్ల ఫిల్టరు చేరతాయి. చివరికి తరిగే బల్ల సింక్ అంచు మీద వాలుగా పెట్టుకుని పని కానిచ్చేస్తారు. అందుకని మీ ఇంట్లో గట్టు మీద ఉండే యంత్రాలన్నీ లెక్కపెట్టి, ఒక్కోదాని పొడవు, వెడల్పు, ఎత్తు రాసి డిజైనర్‌కి ఇవ్వండి. "అవన్నీ ఎక్కడో సర్దేస్తాం" అంటే ఒప్పుకోకండి. ఎక్కడో చూపించమనండి.

ఇక ఐలాండ్. గది మధ్యలో విడిగా ఉండే గట్టు. అందరూ అడిగేది ఇదే. ఐలాండుకీ, గోడ వెంబడి గట్టుకీ మధ్య ఒక్కరు పని చేసేచోట 42 అంగుళాలు, ఇద్దరు చేసేచోట 48 అంగుళాలు ఖాళీ ఉండాలని డిజైనర్లు పాటించే కొలత. ఎదురెదురుగా డిష్‌వాషర్ తలుపు, సొరుగు తెరిచిపెట్టినా మధ్యలో మనిషి నిలబడగలగాలి కదా. గది వెడల్పు కొలిచి, రెండు వైపుల గట్లు, ఐలాండుకి రెండు పక్కలా ఆ ఖాళీ తీసేస్తే ఐలాండుకి ఎంత మిగులుతుందో చూడండి. రెండడుగులు కూడా మిగలకపోతే ఆ ఆలోచన మానుకోవడమే మేలు. చక్రాలున్న ఒక చిన్న బల్ల ఆ పనంతా చేస్తుంది, అక్కర్లేనప్పుడు పక్కకు పోతుంది.

సొరుగుల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, విసుక్కోకండి. కింది అల్మరాకు తలుపు పెట్టి లోపల అరలు పెట్టడం పాత పద్ధతి. దాని లోతు 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వెనకున్న గిన్నె కావాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, ముందున్నవి బయటికి తీయాలి, తల లోపలికి పెట్టి తడుముకోవాలి, మళ్లీ అన్నీ సర్దాలి. నెలకోసారి వాడే గిన్నెకి ఇంత శ్రమ ఎందుకని దాన్ని మర్చిపోయి ఇంకోటి కొంటారు. అదే చోట పూర్తిగా బయటికి వచ్చే సొరుగు పెడితే నిలబడే ఉండి, పైనుంచి చూసి, కావలసింది తీసుకోవచ్చు. సొరుగు జరగడానికి ఇప్పుడు దొరికే పట్టాలు 30 నుంచి 70 కిలోల దాకా మోసేవి ఉన్నాయి. కాబట్టి బరువు గిన్నెలకు సొరుగు పనికిరాదన్న మాట చెల్లదు. కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. సొరుగుని చివరిదాకా లాగి, ముందు అంచు మీద అరచేయి ఆనించి గట్టిగా కిందికి నొక్కండి. తల దించితే, పక్కకు ఊగితే ఆ పట్టా వద్దు. ఇంకొకటి, సొరుగు పూర్తిగా బయటికి వస్తోందా లేక వెనక భాగం లోపలే ఆగిపోతోందా చూడండి. ముప్పావు వంతు మాత్రమే వచ్చే రకాలు ఇంకా అమ్ముతున్నారు.

సింక్ కింద, స్టవ్ కింద, అంతటా సొరుగులే పెట్టించుకునే పద్ధతి ఇప్పుడు బాగా పెరిగింది. సొరుగు ఖరీదు తలుపుకన్నా ఎక్కువ, నిజమే. రంగురాయి పలకకు, అలంకారానికి పెట్టేదాంట్లో కొంత తగ్గించి సొరుగులకు పెట్టమని అడిగిన ప్రతివారికీ చెబుతాను.

ఇప్పుడు గాలి. గ్యాస్ మంట మండినప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనికి ఏడాది సగటు పరిమితిని ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాముల నుంచి 10కి తగ్గించింది. సరిగా గాలి ఆడని వంటగదిలో గ్యాస్ స్టవ్ వెలుగుతుంటే ఆ వాయువు బాగా పెరుగుతుంది. పిల్లల్లో ఉబ్బసం ఉంటే అది ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఇండక్షన్ స్టవ్‌ల వైపు జనం మొగ్గడానికి ఇదొక కారణం. రెండో కారణం వేడి వృథా కాకపోవడం. ఇండక్షన్లో ఖర్చయ్యే కరెంటులో దాదాపు 85 శాతం గిన్నెకి చేరుతుంది. గ్యాస్ మంటలో మూడో వంతు నుంచి 40 శాతం దాకానే చేరుతుంది. మిగతాదంతా గదిని వేడి చేస్తుంది, అంటే వండేవాళ్ల ఒంటికి తగులుతుంది.

అయితే ఇండక్షన్ పెట్టుకున్నాం కదా, చిమ్నీ అక్కర్లేదు అనుకోవద్దు. నూనె కాగినా, వేయించినా, ఏదైనా మాడినా సన్నని రేణువులు, ఆవిరి, జిడ్డు గాల్లోకి వస్తాయి. అవి మంట నుంచి వచ్చేవి కావు, వంట నుంచి వచ్చేవి. ఏ స్టవ్ అయినా వాటిని బయటికి పంపాల్సిందే.

బయటికి అన్న మాట గట్టిగా పట్టుకోండి. చిమ్నీలు రెండు రకాలు. ఒకటి పైపు ద్వారా గాలిని ఇంటి బయటికి పంపేది. రెండోది గాలిని పీల్చి, జల్లెడ, బొగ్గు ఫిల్టరు గుండా మళ్లీ గదిలోకే వదిలేది. రెండో రకం జిడ్డును కొంత పడుతుంది, వాసనను కొంత తగ్గిస్తుంది. తేమ పోదు, గ్యాస్ నుంచి వచ్చే వాయువులూ పోవు. గోడకు బెజ్జం పెట్టే వీలుంటే మొదటి రకమే పెట్టించండి. పైపు ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. ప్రతి మలుపు దగ్గరా గాలి వేగం తగ్గుతుంది. ముడతల పైపుకన్నా నున్నటి గట్టి పైపు మేలు. ముడతల్లో జిడ్డు పేరుకుంటుంది. చిమ్నీ వెడల్పు స్టవ్‌కన్నా తక్కువ ఉండకూడదు. గొడుగు భుజాలకన్నా చిన్నదైతే తడవక తప్పదు, ఇదీ అంతే. పొగ ఎక్కువొచ్చే వంట వెనక బర్నర్ మీద చేయండి. ముందు బర్నర్ నుంచి లేచే ఆవిరి చాలావరకు చిమ్నీ అంచు దాటి ముందుకు పోతుంది.

స్టవ్ మధ్యలోనే గాలిని కిందికి లాగే రకం ఈమధ్య బాగా కనబడుతోంది. పైన ఏమీ లేకుండా గది విశాలంగా ఉంటుందని పెట్టిస్తున్నారు. వేడి గాలి స్వభావం పైకి లేవడం. దాన్ని కిందికి లాగాలంటే యంత్రం ఎదురీదాలి. పొట్టి పెనాల దగ్గర బాగానే పని చేస్తుంది, పొడుగు గిన్నె పెట్టినప్పుడు ఆవిరి దాని చేతికి చిక్కదు. పైన చిమ్నీ పెట్టే వీలు బొత్తిగా లేనిచోట మాత్రమే దాన్ని ఎంచుకోమంటాను.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. చిమ్నీ బయటికి పంపిన గాలికి సరిపడా గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. కిటికీలు, తలుపులు బిగించేస్తే ఎంత బలమైన మోటారు అయినా మోత పెడుతుంది, పొగ లాగదు. వంట మొదలుపెట్టే ముందే చిమ్నీ వేసి, ఎదురు కిటికీ కొంచెం తెరవండి. వంట అయ్యాక కూడా కాసేపు నడవనివ్వండి. మోత ఎక్కువుంటే ఎవరూ ఆన్ చేయరు. కాబట్టి కొనేటప్పుడు మధ్య వేగంలో శబ్దం ఎంతుందో షాపులో విని తీసుకోండి. వంటగది హాల్లో కలిసి ఉన్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం.

గట్టు మీద పలక సంగతి. గ్రానైట్, మార్బుల్ తెలిసినవే. మార్బుల్ అంటే కాల్షియం కార్బనేట్. నిమ్మరసమో, వెనిగరో పడితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. ఎంత పాలిష్ పెట్టినా దాని స్వభావం మారదు. ఆ మచ్చలు ఇష్టమే అనేవాళ్లు పెట్టించుకోవచ్చు. క్వార్ట్జ్ అని అమ్మేది రాతిపొడిని రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక. మరకలు తక్కువ, కానీ రెజిన్ 150 డిగ్రీల సెల్సియస్ దాటితే దెబ్బతినవచ్చు. వేడి పెనం నేరుగా దాని మీద దింపకూడదు.

ఈ క్వార్ట్జ్ విషయంలో మన ఇంటి గోడల అవతలికి కూడా చూడాలి. మామూలు రకాల్లో స్ఫటిక సిలికా 90 శాతం దాకా ఉంటుంది. గ్రానైట్లో దానికన్నా చాలా తక్కువ, మార్బుల్లో ఇంకా తక్కువ. మన ఇంట్లో పలకగా ఉన్నంతకాలం దాంతో మనకు ప్రమాదం లేదు. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు లేచే దుమ్ము మాత్రం పనివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. చిన్న వయసు పనివాళ్లు జబ్బు పడటం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇంజనీర్డ్ స్టోన్, అంటే ఇలా రాతిపొడితో చేసిన పలకల తయారీని, అమ్మకాన్ని, అమరికని నిషేధించింది. అలా చేసిన మొదటి దేశం అదే. ఆ తర్వాత కంపెనీలు సిలికా తగ్గించిన పలకలు, గాజుపొడితో చేసినవి తెస్తున్నాయి. మీరు ఏ పలక ఎంచుకున్నా ఇంట్లో పొడిగా కోయనివ్వకండి. నీళ్లు పోస్తూ కోసే యంత్రం ఉన్నచోట కోయించి తెప్పించండి. సింక్ రంధ్రం, కుళాయి రంధ్రం కూడా అక్కడే పూర్తి కావాలి. మన గట్టు అందంగా ఉండటానికి ఎవరి ఊపిరీ పణంగా పెట్టకూడదు. ఇది నేను చాలా గట్టిగా నమ్మే మాట.

ఖనిజాల పొడిని బాగా నొక్కి, కాల్చి చేసే సింటర్డ్ స్టోన్, పోర్సిలిన్ పెద్ద పలకలు ఇప్పుడు బాగా పెరుగుతున్నాయి. వేడికి తట్టుకుంటాయి, మరకలు పట్టవు. అదే పలకను గట్టు వెనక గోడ మీదికి కూడా ఎక్కించి అతుకు లేకుండా చేస్తున్నారు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, కారణం అందం ఒక్కటే కాదు. స్టవ్ వెనక టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ గీతలు లేకపోతే జిడ్డు తుడవడం ఒక్క గుడ్డతో అయిపోతుంది. చిన్న టైల్సే ఇష్టమైతే జిడ్డు పీల్చుకోని ఎపాక్సీ గ్రౌట్ వేయించండి. పోర్సిలిన్ అంచుకి బరువైన గిన్నె తగిలితే పెచ్చు లేస్తుంది, అంచు కాస్త గుండ్రంగా చేయించుకోవాలి.

అల్మరా పెట్టె దేంతో చేశారన్నది తలుపు రంగుకన్నా ముఖ్యం. చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డ్ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బాక మళ్లీ దిగదు. సింక్ కింద మాత్రం నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్డో, స్టీలో ఉండాలి. బోర్డు కోసిన అంచును మూసే అంచుపట్టీ నాలుగు వైపులా ఉందా, కంటికి కనబడే ముందు వైపే ఉందా అని తడిమి చూడండి. నీళ్లు ఎక్కేది వెనక అంచు నుంచి, అడుగు అంచు నుంచి. బోర్డుల్లో జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. యూరోపియన్ యూనియన్ 2026 ఆగస్టు 6 నుంచి ఫర్నిచర్‌కి ఆ వాయువు పరిమితిని ఘనపు మీటరుకి 0.062 మిల్లీగ్రాములుగా పెట్టింది. బోర్డు కనీసం ఈ1 తరగతిదో (ఆ వాయువును తక్కువగా వదిలే రకం) కాదో అడిగి, కాగితం మీద రాయించుకోండి.

రంగులు. తెల్లటి, బూడిదరంగు వంటగదులు చాలాకాలం రాజ్యమేలాయి. ఇప్పుడు చెక్క రంగులు, ఆకుపచ్చ, మట్టి రంగులు, పైన ఒకటి కింద ఒకటి నడుస్తున్నాయి. మీకు ఏది ఇష్టమైతే అది వేయించుకోండి. ఇంతకన్నా చెప్పడానికేం లేదు. తలుపులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

అన్నీ దాచేసే పద్ధతి గురించి మాత్రం చెప్పాలి. ఫ్రిజ్ చెక్క తలుపు వెనక, మిక్సీ రోలింగ్ షట్టర్ వెనక, కొన్ని ఇళ్లలో స్టవ్, సింక్ మొత్తం మడత తలుపుల వెనక. హాల్లో కూర్చుంటే వంటగది ఉందని కూడా తెలియదు. పెద్ద ఇళ్లలో వెనక ఇంకో చిన్న వంటగది కట్టి, అసలు వంట అక్కడ చేసి, ముందున్నది చూపించడానికి ఉంచుతున్నారు. నాకిది బాధగా ఉంటుంది. గోడలు తీసి వండే మనిషిని నలుగురి మధ్యకు తెచ్చుకున్నాం. మళ్లీ ఆ మనిషిని వెనక గదిలోకి, తరచుగా కిటికీ కూడా లేని గదిలోకి పంపుతున్నాం. వెనక వంటగది కట్టుకోదలిస్తే కిటికీ, చిమ్నీ, మంచి వెలుతురు ముందు దానికి ఇవ్వండి. మిక్సీ లాంటివాటికి షట్టర్ అర మంచిదే, ప్లగ్ పాయింటు లోపలే ఉంటే. వేడినిచ్చే యంత్రాన్ని మాత్రం తలుపు మూసి నడపకూడదు.

వెలుతురు. గది మధ్యలో ఒక్క దీపం ఉంటే, మీరు గట్టు వైపు తిరగ్గానే మీ నీడ మీ చేతుల మీదే పడుతుంది. కత్తి ఉన్నచోట చీకటి. పై అల్మరాల అడుగున ఎల్ఈడీ పట్టీ పెట్టించండి. గోడ వైపు పెడితే టైల్స్ మెరుస్తాయి తప్ప గట్టు మీద వెలుతురు చాలదు. ముందు అంచుకు దగ్గరగా పెట్టాలి. పని చేసే గట్టు మీద వెలుతురు 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉండేలా చూస్తారు. దీపం పెట్టె మీద సీఆర్ఐ, అంటే రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 పైన ఉందో లేదో చూడండి. తక్కువ ఉంటే పదార్థాల రంగు తెలియదు, వేగిందో మాడబోతోందో కనిపెట్టలేం.

వయసు మీద పడ్డవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు ఉన్న ఇళ్లలో ఒక గట్టు భాగం 34 అంగుళాలకు మించకుండా, కింద ఖాళీగా ఉంచితే కూర్చుని పని చేసుకోవచ్చు. కుర్చీ తిరగడానికి 5 అడుగుల వ్యాసమంత చోటు కావాలి. తిప్పే కుళాయి బదులు మోచేత్తో నెట్టగల కుళాయి, వేళ్లు దూరే పిడులు. పిడి లేని తలుపులు చూడ్డానికి నున్నగా ఉంటాయి, కీళ్లనొప్పులున్న చేతికి అవి తెరవడం నరకం. మనం కూడా ఏదో ఒకరోజు ఆ వయసుకు చేరతాం. ఇప్పుడు కట్టే వంటగది అప్పటికీ ఉంటుంది.

నా మాట ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలు అడగండి.

(సభలోంచి: మా వంటగది పాతదే కానీ గట్టిగా ఉంది. మొత్తం పీకేయాలా?)

అక్కర్లేదండీ. ముందు పెట్టెల్ని చూడండి. అడుగు ఉబ్బలేదు, కీలు మర పట్టు వదల్లేదు అంటే పెట్టెలు ఉంచేసి తలుపులు, కీళ్లు మార్చుకోవచ్చు. అరలున్న చోట అదే పెట్టెలో సొరుగులు బిగించుకోవచ్చు. దీపాలు, చిమ్నీ పైపు సరిచేయించండి. మీ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వీటితోనే తీరుతుంది. ఉన్నదాన్ని ఉంచుకోవడం వల్ల చెత్త కూడా తగ్గుతుంది. పీకేసిన లామినేట్ బోర్డు చాలావరకు మళ్లీ పనికిరాదు.

(సభలోంచి: ఇండక్షన్‌కి మారాలంటే పాత వైరింగు సరిపోతుందా?)

గట్టు మీద పెట్టుకునే ఒంటి బర్నర్ అయితే మామూలుగా సరిపోతుంది. గట్టులో బిగించే నాలుగు బర్నర్లది వేరు. అన్నీ పూర్తిగా వేస్తే 7 కిలోవాట్ల పైన లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది 30 ఆంపియర్లు దాటుతుంది. దానికి మీటరు బోర్డు నుంచి విడిగా లైను, విడిగా బ్రేకరు కావాలి. ఇప్పుడు గ్యాసే ఉంచుకున్నా సరే, గోడలు తెరిచి ఉన్నప్పుడే ఆ లైను లాగించి పెట్టుకోండి. తర్వాత టైల్స్ పగలగొట్టే బాధ ఉండదు. గిన్నెల సంగతంటారా, అడుగున అయస్కాంతం అంటుకుంటే పనికొస్తుంది, లేకపోతే లేదు.

(సభలోంచి: పనులు ఏ వరసలో చేయించాలి? వడ్రంగి ముందు రావాలా, రాతిపనివాళ్లు ముందా?)

మంచి ప్రశ్న. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి. ముందు స్టవ్, చిమ్నీ, సింక్, ఫ్రిజ్, డిష్‌వాషర్ ఏ మోడలో ఖాయం చేసుకోండి. వాటి కొలతల కాగితం చేతిలో లేకుండా ఎవరినీ పనిలోకి దింపకండి. తర్వాత పగలగొట్టే పని. ఆ వెంటనే నీళ్ల పైపులు, డ్రైనేజీ, వైరింగు, చిమ్నీ బెజ్జం. గోడలు మూయకముందే పైపులూ వైర్లూ ఎక్కడెక్కడ పోతున్నాయో ఫోన్లో ఫోటోలు తీసుకోండి, పక్కన టేపు పెట్టి తీస్తే ఇంకా మంచిది. రేపు అల్మరా బిగించేవాళ్లు డ్రిల్ పెట్టేటప్పుడు అవే కాపాడతాయి. తర్వాత ప్లాస్టరింగు, నేల, మొదటి కోటు రంగు. అప్పుడు కింది అల్మరాలు వచ్చి, మట్టం చూసి, గోడకు బిగించాలి.

పలకకి కొలత తీసేది ఆ తర్వాతే. గోడలు ఎప్పుడూ తిన్నగా ఉండవు, మూలలు సరిగ్గా 90 డిగ్రీలు రావు. ప్లాన్ కాగితం మీది కొలతతో పలక కోయిస్తే గోడకీ పలకకీ మధ్య వేలు దూరే సందు పడుతుంది, దాన్ని సిలికాన్ పూసి కప్పేస్తారు, ఆరు నెలలకి నల్లబడుతుంది. రాతిపనివాళ్లు అల్మరాల మీదే అచ్చు తీసుకునే రోజున సింక్, కుళాయి, స్టవ్ మీ ఇంట్లో ఉండాలి. ఆరోజు మీరు కూడా అక్కడ ఉండండి.